కరెంటు పోయినా ఆగని చిన్న సర్వర్: ఒక ఇన్వర్టర్ మెకానిక్ లెక్కలు

ఇంటి ఫొటోలు, పాటలు దాచుకోవడానికి ఇంట్లోనే ఎప్పుడూ నడిచే చిన్న కంప్యూటర్‌ను ఇంటి సర్వర్ అంటారు. ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉండే వస్తువు లెక్క చాలా సులువు. ఒక్కో వాటుకు నెలకు 0.72 యూనిట్. పది వాట్లు తాగే పెట్టెకు ఏడు యూనిట్ల చిల్లర, అరవై వాట్లు తాగే పాత డెస్క్‌టాప్‌కు 43 యూనిట్లు. ఈ యూనిట్లు బిల్లులో అడుగున కాదు, పైన పడతాయి. ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు అన్నీ కలిసి మీ ఇంటిని ఇప్పటికే పై శ్లాబులోకి ఎక్కించి ఉంటే, కొత్తగా చేరే ప్రతి యూనిట్‌కూ ఆ పై రేటే. యూనిట్ 8.75 రూపాయల శ్లాబులో ఉన్న ఇంటికి పాత డెస్క్‌టాప్ సర్వర్‌గా పెడితే నెలకు 378 రూపాయలు, పది వాట్ల పెట్టె పెడితే 63. సర్దుబాటు చార్జీలు వేరే.

ఈ తేడా చూసి చాలామంది "మూడొందలే కదా" అంటారు. నిజమే. కానీ తక్కువ వాట్ల లాభం బిల్లులో సగమే కనిపిస్తుంది. మిగతా సగం కరెంటు పోయినప్పుడు కనిపిస్తుంది. తిరుపతిలో ఇన్వర్టర్లు, బ్యాటరీలు బిగించడం, రిపేరు చేయడం నా పని. కంప్యూటర్ చదువు నాకు లేదు. ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు దగ్గర కూర్చుని చూపిస్తే నేర్చుకున్నాను. అందుకే ఇందులో సాఫ్ట్‌వేర్ గురించి తక్కువ, ప్లగ్గు నుంచి పెట్టె దాకా ఉన్న దారి గురించి ఎక్కువ రాస్తున్నాను. నెట్‌లో దొరికే గైడ్లలో ఆ దారి గురించి ఉండదు, వాళ్ల ఊళ్లలో కరెంటు పోదు మరి.

మన ఇళ్లలో మామూలుగా ఉండేది ఒక 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ. 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు. బ్యాటరీ నాలుగు కాలాల పాటు ఉండాలంటే సగానికి మించి పిండకూడదు, ఇన్వర్టర్ కూడా మధ్యలో కొంత తింటుంది, కాబట్టి చేతికొచ్చేది 800 అనుకోండి. రెండు ఫ్యాన్లకు 140, లైట్లకు 20, ఫైబర్ డబ్బాకు 10, మొత్తం 170 వాట్లు. దీని మీద పది వాట్ల సర్వర్ పెడితే దాదాపు నాలుగున్నర గంటలు వస్తుంది. అరవై వాట్ల డెస్క్‌టాప్ పెడితే మూడున్నర. మే నెల రాత్రి రెండు గంటలప్పుడు ఆ ఒక్క గంట ఫ్యాను విలువ ఎంతో మీ ఇంట్లో వాళ్లను అడగండి. సర్వర్ వల్ల ఫ్యాను ఆగిందని తెలిస్తే ఆ సర్వర్ మర్నాటికి అటకెక్కుతుంది.

ముందు కొలవండి

పెట్టె మీద రాసిన వాట్లు నమ్మొద్దు. అడాప్టర్ మీద 65 వాట్లని ఉంటే అది ఇవ్వగలిగినది, తాగేది కాదు. ప్రాసెసర్‌కు వాట్లలో చెప్పే టీడీపీ, అంటే గట్టిగా పని చేసేటప్పుడు వెదజల్లే వేడి లెక్క, కూడా అంతే. 35 వాట్ల ప్రాసెసర్ ఉన్న చిన్న పీసీ ఖాళీగా ఉన్నప్పుడు గోడ దగ్గర పది వాట్ల చుట్టుపక్కలే తీసుకోవచ్చు. ఇంటి సర్వర్ రోజులో ఎక్కువ భాగం ఖాళీగానే ఉంటుంది కాబట్టి మీకు కావాల్సింది ఆ ఖాళీ లెక్కే.

క్లాంప్ మీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి కొలిపిస్తే ఆయన ఆంపియర్లు చూసి 230తో గుణించి చెప్తాడు. అది వీఏ (వోల్ట్ ఆంపియర్లు) అవుతుంది, వాట్లు కాదు. ఈ చిన్న అడాప్టర్లకు పవర్ ఫ్యాక్టర్, అంటే ఆ వీఏలో నిజంగా వాట్లయ్యే వంతు, 0.5, 0.6 దగ్గర ఉంటుంది, అంటే పది వాట్ల పెట్టెను ఆయన పద్దెనిమిది అంటాడు. ప్లగ్గులో గుచ్చే వాట్ మీటర్ గానీ, కరెంటు లెక్క చూపే స్మార్ట్ ప్లగ్ గానీ వాడండి. చవకవి ఐదు వాట్ల కింద సరిగా చూపవు, పది పైన ఫర్వాలేదు.

అదీ కొనకుండా పని జరగాలంటే ఇంటి కరెంటు మీటరే ఉంది. దాని మీద ఒక ఎర్ర లైటు మిణుకుమంటుంది, పక్కనే యూనిట్‌కు ఎన్ని మిణుకులో అచ్చేసి ఉంటుంది. 3200 అని ఉందనుకోండి, ఒక మిణుకుకూ ఇంకో మిణుకుకూ మధ్య ఎన్ని సెకన్లో చూసి 1125ను దానితో భాగిస్తే వాట్లు వస్తాయి. 75 సెకన్లయితే 15 వాట్లు. మీ మీటరు మీద వేరే సంఖ్య ఉంటే 36 లక్షలను ముందు ఆ సంఖ్యతో, తర్వాత సెకన్లతో భాగించండి. మరీ చిన్న లోడును మీటరు అసలు పట్టకపోవచ్చు. అందుకని ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ కూడా ఆపేసి, పాత ఫిలమెంట్ బల్బు ఒకటి వేసి పది మిణుకుల టైము చూడండి. తర్వాత బల్బుతో పాటు సర్వర్ కూడా ఆన్ చేసి మళ్లీ పది మిణుకులు చూడండి. రెండింటి తేడానే సర్వర్. ఇన్వర్టర్ చార్జింగ్ తీసుకుంటూ ఉంటే లెక్క మొత్తం పాడవుతుంది, దాన్ని మెయిన్స్ నుంచి తప్పించాకే కొలవండి.

ఏ పెట్టె

నా ఓటు ఆఫీసులు తీసేసిన సెకండ్ హ్యాండ్ మినీ పీసీకి. లెనోవో వాళ్లవి టైనీ అంటారు, డెల్ మైక్రో, హెచ్‌పీ మినీ. పుస్తకమంత ఉంటాయి, లాప్‌టాప్ లాంటి అడాప్టర్‌తో నడుస్తాయి. ఇంటెల్ ఆరో తరం నుంచి ఎనిమిదో తరం దాకా, చివర 'టీ' అక్షరం ఉన్న ప్రాసెసర్లు చూడండి. నా దగ్గర ఉన్నది ఐ5-8500టీ, ఎనిమిది జీబీ ర్యామ్, లోపల ఒక ఎన్‌వీఎంఈ, ఒక రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీ, రెండూ తిరిగే భాగాలు లేని డిస్కులే. కొత్తదే కావాలంటే 2023లో వచ్చిన ఎన్100 ప్రాసెసర్ పెట్టెలు ఇంకా తక్కువ తాగుతాయి. వాటిలో కొన్నింటికి బ్రాండ్ లేని అడాప్టర్ ఇస్తారు, అది నాకు నచ్చదు. ఇరవై నాలుగు గంటలూ ప్లగ్గులో ఉండే వస్తువుకు అడాప్టర్ మంచిది ఉండాలి.

రాస్‌బెర్రీ పై మూడు నాలుగు వాట్లతో సరిపెట్టుకుంటుంది, మంచి బోర్డే. కానీ బోర్డు, అడాప్టర్, కేసు, ఎస్‌ఎస్‌డీ తగిలించే తొడుగు అన్నీ కొనేసరికి సెకండ్ హ్యాండ్ మినీ పీసీ ధర దగ్గరికి వచ్చేస్తుంది. మెమరీ కార్డు మీదే నడిపిస్తే ఎప్పుడూ రాస్తూ ఉండే పనికి అది త్వరగా చచ్చిపోతుంది.

పాత లాప్‌టాప్ అయితే బ్యాటరీ ఉంటుంది కదా, యూపీఎస్ అక్కర్లేదు కదా అని అడుగుతారు. బ్యాటరీల వాడిగా చెప్తున్నా, నూటికి నూరు చార్జింగ్‌లో, నలభై డిగ్రీల గదిలో, ఏడాది పొడవునా ఉన్న లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచిన లాప్‌టాప్‌లు ఎన్నో చూశాను. చార్జింగ్‌ను అరవై, డెబ్బై శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటే పెట్టి వాడండి. అది లేకపోతే బ్యాటరీ తీసేసి వాడండి.

మూడున్నర అంగుళాల పెద్ద హార్డ్ డిస్కులు వద్దు. ఊరికే తిరుగుతున్నా ఒక్కోటి నాలుగైదు వాట్లు తింటుంది, స్టార్ట్ అయ్యేటప్పుడు ఇరవై దాటుతుంది. రెండు డిస్కులు పెట్టారంటే దాదాపు సర్వర్ అంత ఖర్చు వాటిదే. ఇంటి ఫొటోలకు ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ చాలా కాలం సరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ పెట్టె ఇంటికి రాగానే మొదట మార్చాల్సింది లోపలి గుండ్రటి బిళ్ల, సీఆర్2032. యాభై రూపాయల వస్తువు. అది అయిపోయి ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ పెట్టె తన సెట్టింగులన్నీ మర్చిపోతుంది, కింద చెప్పేవన్నీ వృథా.

బయోస్‌లో చూడాల్సినవి

బయోస్ అంటే పెట్టె ఆన్ అవ్వగానే మొదట నడిచే, సెట్టింగులు ఉండే ప్రోగ్రాం. అందులో కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలి అన్న చోట 'పవర్ ఆన్' పెట్టండి. సీ-స్టేట్స్ అన్నీ ఆన్‌లో ఉండాలి, ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు నిద్రపోయేది వాటితోనే. వాడని వైఫై, బ్లూటూత్, సౌండ్, సీరియల్ పోర్టు ఆపేయండి. నెట్‌కు ల్యాన్ వైరే వాడండి.

డెబియన్ అనే లినక్స్‌ను డెస్క్‌టాప్ లేకుండా వేసుకోవడం మంచిది. కరెంటు వాడకాన్ని చూపించి తగ్గించే పవర్‌టాప్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, దాన్ని వేసి, ఆటో ట్యూన్ అనే ఆప్షన్ బూట్ అయిన ప్రతిసారీ నడిచేలా పెడితే నా పెట్టెకు రెండు మూడు వాట్లు తగ్గాయి. అందులోనే ప్రాసెసర్ ప్యాకేజీ ఎంత లోతు నిద్రకు పోతోందో కనిపిస్తుంది. సీ6, సీ8 లాంటివి కనిపిస్తే బాగుంది. సీ2, సీ3 దగ్గరే ఆగిపోయిందంటే ఏదో ఒక కార్డు గానీ, యూఎస్‌బీకి తగిలించినది గానీ దాన్ని నిద్రపోనివ్వడం లేదు. ఒక్కొక్కటీ పీకి చూడండి, దొంగ దొరుకుతాడు. యూఎస్‌బీ డిస్కు ఉంటే మాత్రం ఆటో ట్యూన్ దాన్ని కూడా నిద్రపుచ్చి మధ్యలో ఊడగొట్టవచ్చు, ఆ ఒక్క పోర్టును మినహాయించండి.

ఇన్వర్టర్ వెనక ఉన్న స్విచ్

చాలా ఇన్వర్టర్లకు వెనకో పక్కనో ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఒక వైపు యూపీఎస్, ఇంకో వైపు నార్మల్ లేదా ఎకో లేదా వైడ్. బిగించిన రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకుని ఉండరు. యూపీఎస్ వైపు ఉంటే కరెంటు పోయిన పది మిల్లీ సెకన్ల ప్రాంతంలో బ్యాటరీ మీదకు మారుతుంది. ఇంకో వైపు ఉంటే ఇంకా ఆలస్యంగా మారుతుంది. ఫ్యాను, లైటు అయితే ఆ తేడా కంటికి ఆనదు. కంప్యూటర్‌కు మాత్రం అదే చావు బతుకుల తేడా.

అలాగని అందరికీ యూపీఎస్ మోడే పెట్టమని చెప్పను. ఆ మోడ్‌లో ఇన్వర్టర్ చాలా పట్టింపుగా ఉంటుంది, వోల్టేజీ 180 కిందకు దిగితే కరెంటు ఉన్నా లేనట్టే లెక్కేసి బ్యాటరీ మీదకు పోతుంది. వైడ్ మోడ్ అయితే నూటపదికి దిగినా ఓర్చుకుంటుంది. ఎండాకాలం సాయంత్రం ఏసీలన్నీ ఆన్ అయినప్పుడు వీధి చివర ఇళ్లలో వోల్టేజీ పడిపోతుంది. అలాంటి ఇంట్లో యూపీఎస్ మోడ్ పెడితే ఇన్వర్టర్ టక్ టక్ అని అటూ ఇటూ మారుతూనే ఉంటుంది, అసలు కరెంటు పోయే టైముకు బ్యాటరీలో ఏమీ మిగలదు. అందుకని ముందు సాయంత్రం ఏడు, ఎనిమిది గంటలప్పుడు మల్టీమీటర్‌తో వోల్టేజీ చూడండి. 200కు పైన నిలకడగా ఉంటే యూపీఎస్ మోడ్. లేకపోతే వైడ్‌లోనే ఉంచి పరీక్ష చేసి చూడండి. పది వాట్ల పెట్టెకు అడాప్టర్‌లోని కెపాసిటర్ కాస్త ఎక్కువసేపు ఊపిరి బిగబడుతుంది. తక్కువ వాట్లలో ఇది ఇంకో లాభం. అదే అడాప్టర్ మీద అరవై వాట్ల లోడు ఉంటే ముందే పడిపోతుంది.

పరీక్ష ఎలాగంటే, సర్వర్‌లో ఇంకా ఏ ఫొటోలూ వేయకముందే, అది నడుస్తుండగా ఇన్వర్టర్‌కు వచ్చే ఎంసీబీ దించండి. నిమిషం ఆగి ఎత్తండి. పది సార్లు దించి ఎత్తండి, ఒకసారి ఫ్యాన్లన్నీ వేసి, ఒకసారి ఆపి. తర్వాత సర్వర్ ఎప్పటి నుంచి ఆన్‌లో ఉందో చూపించే అప్‌టైమ్ చూడండి. అది మొదటి నుంచీ లెక్కపెడుతూ ఉంటే మీ పెట్టె, మీ ఇన్వర్టర్ కుదిరాయి. మధ్యలో సున్నా నుంచి మొదలై ఉంటే కుదరలేదు, అప్పుడు సర్వర్‌కు ముందు ఒక చిన్న యూపీఎస్ పెట్టాల్సిందే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు అడాప్టర్ గుయ్‌మని మోగుతుంది, వేడెక్కుతుంది. కొన్నాళ్లు నడుస్తుంది గానీ నేను ఒప్పుకోను. ఎప్పుడూ ఆన్‌లో ఉండే వస్తువుకు సైన్ వేవ్ ఇన్వర్టర్ ఉండాలి.

ఫైబర్ డబ్బా, రూటర్ కూడా ఇన్వర్టర్ లైనులోనే ఉన్నాయో లేదో చూసుకోండి. మా ఏరియాలో చాలా ఇళ్లలో టీవీ పక్కన ప్లగ్గు ఇన్వర్టర్ లైనులో ఉండదు. సర్వర్ బతికి ఉండి రూటర్ చచ్చిపోతే బయట నుంచి ఎవరికీ ఉపయోగం లేదు.

రూటర్ 12 వోల్టులే కదా, బ్యాటరీ కూడా 12 వోల్టులే కదా, నేరుగా కలిపేస్తే పోలా అని ఇంజినీరింగ్ పిల్లలు అడుగుతారు. అలా కలపకూడదు. చార్జింగ్ అయ్యేటప్పుడు ఆ 12 వోల్టుల బ్యాటరీ 14.4 దాకా, ట్యూబులర్ అయితే ఇంకా పైకి పోతుంది. పైగా ఫ్యూజు లేకుండా బ్యాటరీ టెర్మినల్ నుంచి సన్న వైరు లాగితే, షార్ట్ అయిన రోజు ఆ వైరు మండే వత్తి అవుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ స్పానర్‌ను కూడా కరిగించగలదు.

కరెంటు సాక్షి

పెద్ద యూపీఎస్‌లు యూఎస్‌బీ వైరు ద్వారా "కరెంటు పోయింది, బ్యాటరీ ఇంత ఉంది" అని కంప్యూటర్‌కు చెప్తాయి. ఇంటి ఇన్వర్టర్ ఏమీ చెప్పదు. సర్వర్‌కు బయట చీకటో వెలుగో తెలియదు, బ్యాటరీ అయిపోయి ఇన్వర్టర్ కటాఫ్ అయినప్పుడు మధ్యలో రాస్తున్న ఫైలుతో సహా టప్పున ఆగిపోతుంది.

దీనికి నేను వాడే ఉపాయం ఇది. ఇన్వర్టర్ లైనులో లేని ఒక ప్లగ్గులో, మా ఇంట్లో అయితే ఫ్రిజ్ పక్కది, ఒక చిన్న వైఫై స్మార్ట్ ప్లగ్ పెట్టాను. దానికి ఏమీ తగిలించలేదు. అది ఉందంటే కరెంటు ఉంది. రూటర్‌లో దానికి ఒక శాశ్వత ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) ఇచ్చాను. సర్వర్ నిమిషానికోసారి దాన్ని పింగ్ చేస్తుంది, అంటే ఉన్నావా అని పిలుస్తుంది. పలికితే సరే. పలకకపోతే వెంటనే రూటర్‌ను పింగ్ చేస్తుంది. రూటర్ కూడా పలకలేదంటే అది కరెంటు సంగతి కాదు, నెట్‌వర్క్ గొడవ, ఏమీ చేయదు. రూటర్ పలికి ప్లగ్ మాత్రమే పలకకపోతే కరెంటు పోయినట్టు లెక్కపెట్టడం మొదలెడుతుంది. రెండు గంటలు వరుసగా పలకకపోతే ప్రోగ్రాంలన్నీ నెమ్మదిగా మూసి, తనను తాను ఆపేసుకుంటుంది.

ఇక్కడ చాలామంది ఆలోచించని మెలిక ఒకటుంది. బయోస్‌లో 'కరెంటు వస్తే ఆన్' అని పెట్టాం కదా, మళ్లీ అదే లేస్తుందిలే అనుకుంటారు. లేవదు. ఎందుకంటే పెట్టె దృష్టిలో కరెంటు పోనే లేదు, ఇన్వర్టర్ ఇస్తూనే ఉంది. పద్ధతిగా నిద్రపోయిన పెట్టెకు కరెంటు వచ్చిన సంగతి ఎవరు చెప్పాలి? అందుకని ఆపేటప్పుడే అలారం పెట్టి ఆపాలి. లినక్స్‌లో ఆర్‌టీసీవేక్ అనే కమాండ్ ఉంది, ఇన్ని సెకన్ల తర్వాత లేపు అని చెప్పి పెట్టెను ఆఫ్ చేస్తుంది. నేను మూడు గంటలకు పెట్టుకున్నాను. లేచాక సాక్షిని, అంటే ఆ స్మార్ట్ ప్లగ్‌ను, పింగ్ చేస్తుంది. ఉంటే పనిలో పడుతుంది, లేకపోతే పది నిమిషాలు చూసి మళ్లీ మూడు గంటల అలారంతో పడుకుంటుంది. ఆ పది నిమిషాలు ఎందుకంటే, కరెంటు వచ్చాక స్మార్ట్ ప్లగ్‌కు వైఫై పట్టుకోవడానికి కాస్త టైము కావాలి.

ఇది పని చేయాలంటే బయోస్‌లో డీప్ స్లీప్, ఈఆర్‌పీ, ఎన్‌హాన్స్‌డ్ పవర్ సేవింగ్ లాంటి పేర్లతో ఉన్న ఆప్షన్ ఆఫ్‌లో ఉండాలి. అది ఆన్‌లో ఉంటే పెట్టె మరీ గాఢనిద్రలోకి పోయి అలారం వినదు. ముందు ఐదు నిమిషాల అలారంతో పరీక్షించి చూసుకోండి.

మామూలు కోతలకు ఇదంతా అక్కర్లేదు, పది వాట్లకు బ్యాటరీ చెక్కుచెదరదు. తుపాను వానల కోసం ఇది. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఇక్కడ ఉన్నవాళ్లెవరూ మర్చిపోలేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే సర్వర్‌నూ, ఇన్వర్టర్‌నూ, బ్యాటరీనీ కూడా నేల మీద పెట్టొద్దని వేరే చెప్పాలా?

ఎక్కడ పెట్టాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మేడ మీద గదిలో స్లాబు కింద అటక కూడా అలాగే ఉంటుంది. అక్కడ వద్దు. చెక్క బీరువాలో తలుపేసి పెట్టొద్దు. హాల్లో, ఎండ పడని గోడకు, నడుమెత్తున ఒక షెల్ఫ్ చాలు. పెట్టెను నిలువుగా నిలబెట్టి చుట్టూ బెత్తెడు ఖాళీ వదలండి. పది వాట్ల పెట్టె పెద్దగా వేడెక్కదు. ఎండాకాలంలో ప్రాసెసర్ అరవై డిగ్రీలు చూపించినా భయపడక్కర్లేదు.

పూజ గది పక్కన మాత్రం వద్దు. రోజూ సాంబ్రాణి, దీపం ఉన్న ఇంట్లో ఒక సర్వర్ విప్పి చూశాను. ఫ్యాను రెక్కల మీద దుమ్ము పొడిగా లేదు, నూనె మసితో కలిసి జిగురుగా, నల్లటి వెల్వెట్ గుడ్డలా పట్టేసి ఉంది. బ్లోయర్ కొడితే కదల్లేదు. కాటన్ బడ్డు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి రెక్క రెక్కా తుడవాల్సి వచ్చింది. బల్లులు ఇంకో గొడవ. వెచ్చగా ఉంటుందని వెనక సందులోకి దూరతాయి. గాలి పోయే చోట్ల సన్నటి దోమతెర ముక్క అంటిస్తే సరి, నెలకోసారి దులపండి.

ఎర్త్ చూసుకోండి. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ మూడో రంధ్రం వెనక వైరే ఉండదు. పెట్టె ఇనుప ఒంటిని చేతి వెనక వైపుతో తాకితే జివ్వుమంటే ఎర్త్ లేనట్టే. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూస్తే నిండుగా వెలగాలి. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

లోపల ఏం నడపాలి

ఇక్కడ క్లుప్తంగా. ప్రోగ్రాంలను విడివిడిగా నడిపే డాకర్ వేసి, దాని మీద ఫొటోల ప్రోగ్రాం ఇమ్మిచ్. ఇంట్లో అందరి ఫోన్ల నుంచీ ఫొటోలు దానంతట అదే తెచ్చుకుంటుంది. ముఖాలు గుర్తుపట్టే పని ఉంటుంది దానికి, కొత్త ఫొటోలు కుప్పగా పడ్డప్పుడు పెట్టె ముప్పై, నలభై వాట్లకు ఎగబాకుతుంది. గంగమ్మ జాతర వారం మా ఇంట్లో అదే పరిస్థితి, వేషాలు వేసిన పిల్లల ఫొటోలు అందరి ఫోన్లలోనూ. ఆ పని ఒకేసారి ఒకటే జరిగేలా సెట్టింగ్స్‌లో తగ్గించుకుంటే ఆలస్యంగా అవుతుంది గానీ ఇన్వర్టర్ మీద బరువు పడదు. పాటలు, వీడియోలు నడిపే జెల్లీఫిన్‌లో మా అమ్మ క్యాసెట్ల నుంచి ఎక్కించిన అన్నమయ్య కీర్తనలు, పెళ్లి వీడియోలు. పాటకు పెట్టె తాగేది లెక్కలోకి రాదు. వీడియోకు ఇంటెల్ క్విక్ సింక్ (వీడియో పని కోసమే చిప్‌లో ఉండే భాగం) ఆన్ చేసుకోండి, లేకపోతే ఫార్మాట్ మార్చేటప్పుడు ప్రాసెసర్ మొత్తం మండుతుంది.

ప్రకటనలు ఆపే పై-హోల్ అందరూ పెట్టమంటారు. నేను ఇంటి మొత్తానికి పెట్టలేదు, నా ఫోనుకే పెట్టుకున్నాను. ఇంటి మొత్తం డీఎన్‌ఎస్ (సైట్ పేరును బట్టి దాని చిరునామా వెతికే పని) దాని మీద నడిస్తే, సర్వర్ ఆగిన నిమిషంలో అందరికీ నెట్ ఆగుతుంది. సీరియల్ మధ్యలో నెట్ పోతే ఆ టెన్షన్ ఎవరు పడతారు? పది వాట్ల పెట్టెకు అంత బాధ్యత అక్కర్లేదు.

బయట నుంచి చూడాలంటే రూటర్‌లో పోర్టులు, అంటే బయటి నుంచి లోపలికి వచ్చే దారులు, తెరవడం మన దగ్గర చాలా కనెక్షన్లకు కుదరదు. రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రూటర్ బయటి వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీన్యాట్ వెనక ఉన్నారు, ఒకే పబ్లిక్ ఐపీని ఎందరో పంచుకుంటున్నారని అర్థం. మీ ఫోనునూ సర్వర్‌నూ ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌లో కలిపే టెయిల్‌స్కేల్ వేసుకోండి. పోర్టు తెరిచే పని లేదు, ఫోనులో యాప్ ఆన్ చేస్తే ఇంట్లో ఉన్నట్టే. పోర్టు తెరవగలిగినా తెరవొద్దనే నా మాట.

బ్యాకప్‌కు ఒక రెండున్నర అంగుళాల యూఎస్‌బీ డిస్కు చాలు. ఎప్పుడూ తగిలించి ఉంచకండి, వాటు దండగ, పిడుగు పడితే రెండూ కలిసే పోతాయి. ఆదివారం తగిలించి, రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రాం నడిపి, తీసి బీరువాలో పెట్టేస్తాను. రెండో డిస్కు చిత్తూరులో మా అక్క ఇంట్లో ఉంటుంది, పండక్కి పోయినప్పుడు ఇదిచ్చి అది తెచ్చుకుంటాను. రెస్టిక్ పాస్‌వర్డ్ లేకపోతే ఆ డిస్కు ఇనప ముక్కే, అందుకే దాన్ని కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టాను. అప్పుడప్పుడూ ఒక ఫొల్డర్ వెనక్కి తీసి, ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూస్తాను.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ లెవెల్ చూసే రోజే మిగతావీ చూసేయండి: టెర్మినళ్ల మీద తెల్ల పొడి ఉంటే వేడినీళ్లతో కడిగి వాజిలిన్ రాయడం, సర్వర్ తెర దులపడం, వాట్ మీటర్‌లో అంకె పోయినసారి ఎంతో ఇప్పుడెంతో చూడడం. అంకె మూడు నాలుగు వాట్లు పెరిగిందంటే ఏదో అప్‌డేట్ తర్వాత ప్రాసెసర్ నిద్ర చెడిందని అర్థం, పవర్‌టాప్ తెరిచి మళ్లీ ప్యాకేజీ సీ-స్టేట్ దగ్గర నుంచి వెతకండి.